గునపం అక్షరాలు

అక్షరాల స్టూడియో, మూడో అంతస్తు
జూన్

అన్నయ్యకి,

ఫోన్లో ఎంత చెప్పినా ఇది నీ బుర్రకెక్కదని ఉత్తరం రాస్తున్నాను. కవర్లో రెండు పెద్ద కాగితాలున్నాయి. మడతపడకుండా అట్ట పెట్టి పంపాను. వెలుతురులోకి తీసి చూడు.

ఇవి నేను రెండేళ్ళుగా గీస్తున్న ఇంగ్లీషు అక్షరాలు. పాత పత్రికల పేర్ల మీద, డిగ్రీ పట్టాల మీద, సీసాల లేబుళ్ళ మీద ఇలాంటివి నువ్వు చూసే ఉంటావు. ఒత్తుగా, నల్లగా, ఇనప కడ్డీలు పక్కపక్కన పాతినట్టు ఉంటాయి. ఒంపు తిరగాల్సిన చోట గీత విరుగుతుంది. కొసలు పలకలుగా తెగుతాయి. నలుపు ఎక్కువ, మధ్యలో తెలుపు తక్కువ. ఒకప్పుడు యూరప్‌లో చదునైన కలంతో పుస్తకాలన్నీ ఇలాగే రాసేవాళ్ళు. ఇప్పుడు వీటిని చదవడానికి ఎవరూ వాడరు, చూడ్డానికి వాడతారు. ఒక పేరు, ఒక శీర్షిక, ఒక మాట. అంతకు మించితే కళ్ళు నొప్పి పుడతాయి.

పేరు 'గునపం' అని పెట్టాను. నవ్వకు.

ఈ అక్షరాల ఫైలున్న పెన్‌డ్రైవ్ కూడా పెట్టాను. ఇది ట్రయల్ మాత్రమే. అమ్మకానికి పెట్టలేదు, నీకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు. స్క్రీన్ ప్రింటింగులో వాడి చూసి చెప్పు. అక్షరాల కడుపులో, అదే లోపలి ఖాళీలో, ఇంకు నిండిపోతుందా? గుడ్డ మీద ఎలా పడుతోంది, రేకు మీద ఎలా పడుతోంది? రెండు సంగతులు గుర్తుంచుకో. అన్నీ క్యాపిటల్ అక్షరాలు పేర్చకు, ముళ్ళకంచెలా అయిపోతుంది, ఒక్క ముక్క చదవలేరు. అక్షరాల మధ్య ఖాళీ మామూలు కంటే బాగా తగ్గించు. గీతకీ గీతకీ మధ్య ఎంత తెలుపుందో అక్షరానికీ అక్షరానికీ మధ్య కూడా అంతే ఉండాలి. అప్పుడే నేతలా కుదురుతుంది.

అంకెలు ఇంకా గీయలేదు. చలికాలానికి అవుతాయేమో.

వదినని అడిగానని చెప్పు. పాప ఏం చేస్తోంది?

పిచ్చుక

*

షాపు
జూలై

పిచ్చుకమ్మకి,

అక్షరాలకి గునపం అని పేరు పెట్టిన ఆడపిల్లని నిన్నే చూశాను. నాన్న ఉంటే "ఇంకా నయం, పలుగూ పారా అనలేదు" అనేవాడు.

పనిలోకి దించాను. మొదటి గిరాకీ జిమ్ము. ముందు బోర్డు మీదున్న గుండ్రటి అక్షరాలు చూసి మిఠాయి కొట్టనుకుని లోపలికొస్తున్నారట జనం. నీ అక్షరాల్లో వేసి బిగించాను. కండలు తిరిగిన ఓనరు రోడ్డుకవతల నిలబడి చూసి, "అన్నా, నా కంటే నా బోర్డే బలంగా ఉంది" అన్నాడు. తర్వాత డ్రైవింగ్ స్కూలు వాళ్ళ సర్టిఫికెట్లు. పోయినేడు ఇచ్చినవాటిని ఎవరూ గోడకి పెట్టుకోలేదు, ఇవి ఫ్రేము కట్టించుకుంటున్నారు. సమాధి రాళ్ళు చెక్కే ఆయన ఒక పేరు అచ్చు వేయించుకెళ్ళాడు. ఉలికి ఇంతకంటే అనువైన అక్షరం చూడలేదన్నాడు. అన్నీ తిన్నటి గీతలే కదా, చేయి తిరగనక్కర్లేదట.

ఇంకు సంగతి. రేకు మీద శుభ్రంగా ఉంది. గుడ్డ మీద చిన్న సైజులో కడుపులు నిండిపోతున్నాయి. కాస్త లోపలికి తవ్వు.

పచ్చబొట్లు వేసే సూది గుర్తున్నాడా? ఒంటి నిండా పొడిపించుకుని బనీను తొడుక్కున్నట్టు తిరుగుతాడే, వాడే. నువ్వు పంపిన కాగితాల్లో ఒకటి చూసి వదల్లేదు. "అక్క గీసిందా? ఇది నా గోడ మీదుండాలి" అని పట్టుకుపోయాడు. కాగితమే ఇచ్చాను, ఫైలు ఇవ్వలేదు. వాడికి కంప్యూటర్ ఎక్కడ నొక్కాలో కూడా తెలియదు.

వరస ఇళ్ళలో ఉండే బెత్తం తాత షాపు కుర్చీ మళ్ళీ అల్లి ఇచ్చాడు. పాప బడి నుంచి వస్తూ రోజూ అక్కడే ఆగి బెత్తాలు నీళ్ళలో నానేస్తోంది. "మీ అమ్మాయికి నా దగ్గర ఉద్యోగం ఖాయం" అంటాడు.

అంకెలు త్వరగా గీయి. అడుగుతున్నారు.

అన్నయ్య

*

అక్షరాల స్టూడియో
ఆగస్టు

అన్నయ్యా,

నీ ఉత్తరం ఇక్కడ అందరికీ చదివి వినిపించాను. జిమ్ము దగ్గర పడీపడీ నవ్వారు. నువ్వు చెప్పినట్టు కడుపులు తవ్వుతున్నాను.

అంకెలకి ఆగాల్సిందే. కానీ తొందరపడి నువ్వు మాత్రం గీయకు. నీ ఎడమచేతి సంగతి నాకు తెలుసు. కలం ఏటవాలుగా పట్టుకుంటే మా కుడిచేతి వాళ్ళకి పై ఎడమ నుంచి కింది కుడికి దిగే గీత లావుగా వస్తుంది, దానికి ఎదురు గీత సన్నగా వస్తుంది. నీకు అంతా తలకిందులు. చిన్నప్పుడు నాన్న బోర్డుల మీద నువ్వు రాసిన ఏడు అంకె వీధి చివర్నుంచి గుర్తుపట్టేదాన్ని. గాలికి వెనక్కి వంగినట్టుండేది. ఆయన ఒక్కసారీ దిద్దలేదు. "వాడి చెయ్యి వాడిది" అనేవాడు.

వదిన తమ్ముడికి ఏదో పదవి వచ్చిందని విన్నాను. ఏమిటది?

పిచ్చుక

*

షాపు
సెప్టెంబరు

పిచ్చుకకి,

పని ఎక్కువగా ఉంది. పొడుగ్గా రాయలేను.

మా బావమరిది వీధి రక్షణ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. టింబర్ డిపో ఆయన అధ్యక్షుడు. దొంగతనాలు పెరిగాయని పెట్టుకున్నారు. నిజం చెప్పాలంటే వాళ్ళ బాధంతా వరస ఇళ్ళ మీదే. ఆనకట్ట కింద ఊరు మునిగాక వచ్చి అందులో చేరినవాళ్ళు ఇన్నేళ్ళయినా కదల్లేదని, ఆ స్థలం డిపోదని అంటారు. కాగితాలు ఎవరి దగ్గరున్నాయో నాకు తెలియదు. మన పని మనది.

వదిన బాగుంది. తమ్ముడికి నలుగురిలో గౌరవం వచ్చిందని సంతోషంగా ఉంది.

పాప బెత్తం తాత దగ్గరికి వెళ్ళడం మానిపించాం. చదువు పాడవుతోంది.

అన్నయ్య

*

అక్షరాల స్టూడియో
అక్టోబరు

అన్నయ్యా,

ఈ కత్తిరింపు పొద్దున పత్రికలో వచ్చింది. మన ఊరి వార్త లోపలి పేజీలో, ఫొటోతో సహా. వరస ఇళ్ళ తలుపుల మీద అంటించిన ఇంగ్లీషు నోటీసు. తెలుగులో చెప్తే ఇది: "ఈ ఇంటివారు నెలాఖరులోగా ఖాళీ చేయవలెను. తరువాత జరుగు దానికి బాధ్యులు మీరే." కింద సంతకం లేదు. పైన ఇంటి నంబరు.

నిజం చెప్తాను. ఫొటో చూడగానే ముందు నాకు సంతోషం వేసింది. పత్రికలో నా అక్షరాలు. గునపం! పక్క సీటులో ఆమెని పిలిచి చూపించాను కూడా. ఆమె చదివింది. చదివి నా మొహంలోకి చూసింది. అప్పుడు నేను చదివాను.

ఇది ఎవరు వేశారు? ట్రయల్ నీ దగ్గర తప్ప ఎక్కడా లేదు.

వెంటనే రాయి.

చెల్లి

*

షాపు
అక్టోబరు

చెల్లికి,

నువ్వు కంగారు పడుతున్నావు. ఇలాంటి అక్షరాలు లోకంలో నువ్వొక్కదానివే గీశావా? ఇంటర్నెట్‌లో కుప్పలు. జిమ్ము బోర్డు రోడ్డు మీదుంది, ఎవరైనా ఫొటో తీసి దించుకోవచ్చు. సర్టిఫికెట్లు ఊరంతా ఉన్నాయి. సూది గోడ మీద కాగితం ఉంది.

పత్రికవాళ్ళు గోరంతని కొండంత చేస్తారు. నాలుగు కాగితాలు అంటిస్తే ఎవరూ ఇల్లు వదిలి పోరు. అక్కడివాళ్ళే చింపి పొయ్యిలో పెట్టారట.

ఈ విషయం మళ్ళీ రాయకు. ఉత్తరాలు వదిన కూడా చదువుతుంది.

అన్నయ్య

*

అక్షరాల స్టూడియో
నవంబరు

అన్నయ్యా,

ఇప్పుడు నాకు తెలిసినవి తెలిసినట్టు రాస్తాను.

మధ్యాహ్నం పూట వరస ఇళ్ళకి నిప్పంటించారు. అందరూ పనులకి పోయి ఉంటారని అనుకున్నారట. జ్వరంతో బెత్తం తాత లోపల పడుకుని ఉన్నాడు. ఇల్లంతా బెత్తం, ఎండుగడ్డిలా అంటుకుంది. పక్కవాళ్ళు వచ్చేసరికి కప్పు కూలిపోయింది. ఇది పత్రికలో వచ్చింది.

మర్నాడు సూదిని పట్టుకెళ్ళారు. వాడి గోడ మీద నేను పంపిన కాగితం, వాడి మెడ మీద అదే వాటం అక్షరాలు. "మనిషిని చూస్తేనే తెలుస్తోంది" అని పోలీసాయన విలేకరితో అన్నాడు. ఇదీ పత్రికలో వచ్చింది. ఈ అక్షరాలు వేసుకున్నవాడు రౌడీయే అయ్యుంటాడని జనం నమ్ముతారు. అవే అక్షరాలు పట్టా మీదుంటే పెద్దమనిషి అంటారు.

పత్రికలో రాని సంగతి ఇది. ఫొటో తీసినాయన దగ్గర అసలు ఫొటోలన్నీ అడిగి తెప్పించుకున్నాను. పెద్దవి చేసి చూశాను. క్యాపిటల్ మొదట ఒక్కటే ఉంది. అక్షరాల మధ్య తెలుపు, గీతల మధ్య తెలుపుతో సరిపోయింది. ఇంటర్నెట్‌లో దించుకున్నవాడెవడూ అంత ఓపిగ్గా కుదర్చడు. ఇక నంబరు. నేను అంకెలు గీయలేదు. ఎవరో చదును కలంతో గీసి పెట్టారు. ఒక ఫొటోలో రెండు, ఇంకోదాంట్లో నాలుగు, ఏడు. మూడింట్లోనూ వాలు గీత లావు తలకిందులు. ఏడు వెనక్కి వంగి ఉంది.

నాకు వీధి చివర్నుంచి చూసినట్టే అనిపించింది.

సూది కుడిచేతి వాటం. వాడు గీత గీస్తుంటే నేను చూశాను. అన్నయ్యా, వాడు చేయని పనికి లోపల ఉన్నాడు. నువ్వు వెళ్ళి చెప్పు. ఎవరు వేయించారో చెప్పు.

చెల్లి

*

షాపు
నవంబరు

చెల్లీ,

నేనే వేశాను. ఇంక నీళ్ళు నమలను.

ఇద్దరొచ్చారు. నోటీసు వేయాలన్నారు. మామూలు అక్షరాల్లో వేసి చూపించాను. పెద్దాయన పెదవి విరిచి, "ఇది బాకీ కాగితంలా ఉందయ్యా. చూడగానే పైనుంచి వచ్చినట్టుండాలి" అన్నాడు. గోడ మీద నీ కాగితం చూశాడు. రెండోది, సూదికి ఇవ్వకుండా ఉంచుకున్నది. "అదీ! అందులో వెయ్యి" అన్నాడు. వేశాను. చూపిస్తే చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "కోర్టు వాళ్ళకి కూడా ఇంత బాగా కుదరదు" అన్నాడు. నాకు గర్వమనిపించింది. నీకు ఫొటో చూసి సంతోషం వేసిందన్నావు కదా, అలాంటిదే అనుకో.

నంబర్లు కావాలన్నారు. అంకెలు లేవన్నాను. "నువ్వు గీయలేవా?" అన్నారు. నాన్న చదును కుంచె తీశాను. ఒక్కో ఇంటికీ ఒక్కో నంబరు, ఒద్దికగా కూర్చుని గీశాను.

నిప్పు సంగతి నాకు తెలియదు. ఒట్టు. బెదిరిస్తే పోతారనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. ఆ మధ్యాహ్నం షాపులో ఉన్నాను. పొగ కనిపించింది. ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకుని కిటికీ వేసుకున్నాను, ఆరబెట్టిన ప్రింట్ల మీద మసి పడుతుందని.

తాత అల్లిన కుర్చీలోనే కూర్చుని ఉన్నాను.

ఎవరు వేయించారో మాత్రం అడక్కు. చెప్తే నా ఇల్లు నిలవదు. సూదిని రెండు రోజుల్లో వదిలేస్తారు, ఆధారం లేదు కదా. నువ్వు నోరు మెదపకు. నీ అక్షరాలని తెలిస్తే నీకూ చెడ్డపేరే. పాప మొహం చూసైనా ఊరుకో.

అన్నయ్య

*

ఊళ్ళో, బస్టాండు ఎదురు లాడ్జి
డిసెంబరు

అన్నయ్యా,

నేను ఊళ్ళోనే ఉన్నాను. మీ ఇంటికి రాలేదు. వస్తే నువ్వు ఏడుస్తావు, నేను కరిగిపోతాను. అందుకే రెండు వీధుల దూరం నుంచి రాస్తున్నాను.

ఇవాళ విచారణాధికారిని కలిశాను. ఎవరో తెలియని మనిషిని అనుకున్నాడు. "ఈ అక్షరాలు నావి" అంటే కుర్చీ చూపించాడు. టేబుల్ మీద నోటీసులున్నాయి, కొన్ని సగం కాలినవి. తెల్ల కాగితం, చదును కలం అడిగాను. కుడిచేత్తో ఏడు గీశాను. కాగితం పక్కకి తిప్పి, ఎడమచేతి వాటం వాళ్ళకి ఎలా వస్తుందో అలా ఇంకోటి గీశాను. రెండూ నోటీసు పక్కన పెట్టాను. ఆయన తెలివైనవాడే. రెండుసార్లు చెప్పించుకోలేదు.

"అయితే సూది కాదంటారు."

"వాడి చేత కూడా గీయించి చూడండి."

"ఇప్పుడు గీయలేడమ్మా" అన్నాడు. ఎందుకని అడిగాను. ఆయన లేచి తలుపు తీశాడు. తర్వాత వరండాలో సూదిని చూపించారు. కుడిచేతి వేళ్ళు అరటిపళ్ళలా వాచి ఉన్నాయి. రెండు వేళ్ళు పక్కకి తిరిగిపోయాయి. నన్ను గుర్తుపట్టాడు. "అక్కా, కాగితం వాళ్ళే తీసుకున్నారు. నేను చింపలేదు" అన్నాడు.

పాప మొహం చూసి ఊరుకోమన్నావు. నేను వాడి చెయ్యి చూశాను.

అధికారి అడిగాడు, "ఎడమచేతి వాటం, అచ్చు పని తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరున్నారు?" అని. "వాళ్ళే వచ్చి చెప్తారు. ఆదివారం దాకా ఆగండి" అన్నాను. నా వైపు తేరిపార చూశాడు. మనిద్దరి ఇంటిపేరు ఒకటేనని కాగితం మీద చూసే ఉంటాడు. "ఆదివారం" అన్నాడు.

పేరు నా నోటితో చెప్పించకు.

చెల్లి

*

జిల్లా జైలు
జనవరి

చెల్లికి,

శనివారమే వెళ్ళాను. నువ్వు బస్సెక్కేదాకా ఆగాను.

అక్షరాలు, అంకెలు, అచ్చు అన్నీ నావేనని చెప్పాను. ఎవరూ చేయించలేదు, నా అంతట నేనే వేసి అంటించానన్నాను. నిప్పు సంగతి తెలియదన్నాను. కాగితం మీద సంతకం పెట్టమన్నారు. ఎడమచేత్తో పెడుతుంటే గదిలో అందరూ చూశారు.

సూదిని వదిలేశారు.

బట్టలు సరిపోతున్నాయి. దుప్పటి ఒకటి కావాలి.

అన్నయ్య

*

అక్షరాల స్టూడియో
ఫిబ్రవరి

అన్నయ్యా,

దుప్పటి పంపాను. లోపల స్వెట్టర్ కూడా ఉంది.

సూదిని ఆస్పత్రిలో చూపించాను. రెండు వేళ్ళకి మళ్ళీ ఆపరేషన్ చేయాలట. చేసినా సూది పట్టే సన్నపని రాదని డాక్టరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. "పోనీలే అక్కా, ఒంటి మీద చోటు కూడా అయిపోయింది" అని వాడే నన్ను నవ్వించబోయాడు. మెడ మీద అక్షరాలు కనబడకుండా మఫ్లర్ చుట్టుకుని తిరుగుతున్నాడు. పని అడగడానికి వెళ్తే ముందు మెడే చూస్తున్నారట.

వరస ఇళ్ళలో ఇంకెవరూ లేరు. కాలని ఇళ్ళవాళ్ళు కూడా సామాను బండ్లకెక్కించుకుని పోయారు. నోటీసులో రాసినట్టే జరిగింది. సంఘం వాళ్ళు హాయిగా తిరుగుతున్నారు. అధ్యక్షుడు ఇచ్చిన ఇంటర్వ్యూ చదివాను. "ఒక ముద్రాపకుడి ఉన్మాదం" అన్నాడు నిన్ను.

నువ్వు ముందు చెప్పిన అబద్ధంలో సూది లోపల ఉన్నాడు. ఇప్పుడు చెప్పిన అబద్ధంలో నువ్వున్నావు. రెండింట్లోనూ బయట ఉన్నవాళ్ళు వాళ్ళే.

నీ ఉత్తరంలో ఇద్దరొచ్చారన్నావు. పెద్దాయన ఎలా మాట్లాడాడో రాశావు, రెండోవాడి మాట ఒక్కటీ రాయలేదు. అడుగుతున్నాను. వదిన తమ్ముడేనా?

గునపాన్ని అమ్మకానికి పెట్టలేదు. ఒక పత్రిక తన పేరుకి అడిగింది. వద్దన్నాను. నేను ఆపినంత మాత్రాన ఏమీ ఆగదని తెలుసు. ఇంకో నోటీసు ఇంకో అక్షరాల్లో వేస్తారు. అయినా వాటిని తెరిచి చూడలేకపోతున్నాను.

తాతని మట్టిచేసిన చోటికి వెళ్ళాను. రాయి ఇంకా పెట్టలేదు. చెక్కేవాడు ఏ అక్షరాలు కావాలని అడిగాడు. మామూలువి చాలన్నాను.

చెల్లి

*

జిల్లా జైలు
మార్చి

చెల్లికి,

అవును, వాడే.

ఎందుకు చెప్పలేదో నీకు తెలిసే ఉంటుంది. మీ వదినకి ఆ తమ్ముడు కొడుకుతో సమానం. తల్లి పోయాక తనే పెంచింది. వాడి పేరు చెప్తే ఆమె గుండె పగులుతుందని, ఆమెకి ఏమీ తెలియదని అనుకున్నాను. ఆమె కోసం నోరు కట్టేసుకుని లోపల కూర్చుంటే అదొక మంచి పని అనుకున్నాను.

నిన్న ములాఖత్‌కి వచ్చింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. మధ్యలో ఇనప జాలీ ఉంది, గట్టిగా మాట్లాడాలి.

"లాయర్ని తమ్ముడు పెడుతున్నాడు. ఎంతైనా సరే అన్నాడు" అంది.

"పాప ఎలా ఉంది?"

"బాగుంది. బడి ఇంక నడిచేంత దూరమే. ఇల్లు మారుతున్నాం."

"ఎక్కడికి?"

"తమ్ముడు చూశాడు. వరస ఇళ్ళలో. కప్పు కొత్తది వేయించాడు."

కొత్త కప్పు ఏ ఇంటికి కావాలో నాకు తెలుసు. అయినా అడిగాను, "ఏ ఇల్లు?"

"ఖాళీగా ఉన్నదేనండీ. ఎవరిదైతే ఏం? గోడలకి రెండుసార్లు రంగు కొట్టించాడు. వాసన కూడా పోయింది. కిటికీ దగ్గర పాప మంచం వేస్తాం. మీరొచ్చేసరికి అంతా సర్దేసి ఉంచుతాను."

"నీకు తెలుసా?" అన్నాను. ఏం తెలుసా అని నేనింకా చెప్పనే లేదు.

మీ వదిన జాలీకి దగ్గరగా వచ్చింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మీరు మరీ చిన్నపిల్లాడిలా మాట్లాడతారు. అన్ని కాగితాలకి జిగురు ఎవరు కాచి ఇచ్చారనుకున్నారు? మీరు షాపులో మీ అంకెలు గీసుకుంటున్నారు. వాడొచ్చి అక్కా, మైదా ఉందా అన్నాడు. పెద్ద గిన్నెడు కాచాను. పురుగులు కొరక్కుండా మైలుతుత్తం కూడా వేశాను. ఇంటి కోసం మీరొక్కరే కష్టపడ్డారా?"

నిప్పు సంగతి అడిగాను. "ఖాళీ ఇళ్ళనుకున్నారు పాపం. ముసలాయన పనికి పోకుండా పడుకుంటే ఎవరేం చేస్తారు?" అంది. గొంతులో కోపం లేదు, భయం లేదు. పాలు పొంగిపోయాయని చెప్పినట్టు చెప్పింది. తర్వాత స్వెట్టర్ బాగుందని, ఎవరు పంపారని అడిగింది. చెల్లి అన్నాను. "ఆవిడే కదా మిమ్మల్ని ఇందులోకి తోసింది" అని లేచింది.

తిరిగి గదికి వచ్చాక పాప గుర్తొచ్చింది. ఆ ఇంట్లో పాప ఎక్కడ కూర్చునేదో, నీళ్ళ తొట్టి ఏ మూలనుండేదో పాపకి తెలుసు. రంగు ఎన్నిసార్లు కొట్టినా తెలుసు. ఆ కిటికీ దగ్గర పడుకోబెడతారు.

జైలు అధికారిని కాగితాలు అడిగాను. ఒకదాని మీద మొదటి స్టేట్‌మెంటు అబద్ధమని రాశాను. టింబర్ డిపో ఆయన పేరు రాశాను, ఏమన్నాడో రాశాను. బావమరిది పేరు రాశాను. అంటించడానికి ఎవరెవరు వెళ్ళారో నాకు తెలిసినంత రాశాను. అక్కడ ఆగాను. జిగురు సంగతి రాయాలా వద్దా అని. భోజనం గంట కొట్టారు, వెళ్ళలేదు. అధికారి వచ్చి, "అయిపోయిందా?" అన్నాడు. ఇంకొక్క వాక్యం ఉందన్నాను.

అదీ రాశాను.

మేజిస్ట్రేటు ముందు సోమవారం సంతకం పెట్టాలి. అప్పటిదాకా ఇది గేటు దాటదని అధికారి మాటిచ్చాడు. ఈ ఉత్తరం ఇవాళే టపాలో వేస్తానన్నాడు. అందిన వెంటనే బయల్దేరు. ఇంటికి వెళ్ళకు, ఎవరికీ చెప్పకు. బడి వదిలే వేళకి గేటు దగ్గర నిలబడు. అత్త వచ్చిందంటే పాప పరిగెత్తుకొస్తుంది. బట్టల కోసం కూడా ఆగకు, అక్కడే కొను.

పోలీసులు మీ వదిన కోసం వచ్చేసరికి పాప ఆ ఇంట్లో ఉండకూడదు.

అన్నయ్య